పీతల మలుపు, నాలుగూ ముప్ఫై ఆరు

ఆ ద్వీపంలో నేను తీసిన ఫోటోలు రెండు వందల పైచిలుకు ఉంటాయి. బట్టలు ఆరేసిన తీగ మీద, క్లిప్పుల మధ్య తానూ ఒక క్లిప్పులా కూర్చున్న లకుముకిపిట్ట. బడి గోడ దిగుతూ, గంట కొట్టగానే ఉలిక్కిపడి ఆగిన ఉడుము. చేపలు తూకం వేసే చోట ఆడవాళ్ళ వరసలో తన వంతు కోసం నిలబడ్డట్టు నిలబడ్డ కొంగ. పట్టపగలు చెట్టు నిండా మూసిన గొడుగుల్లా వేలాడే గబ్బిలాలు. కుర్చీలోనే నిద్రపోయిన మనిషి ముఖాన ఎండ పడకుండా ఒక చేత్తో పేపరు అడ్డం పెట్టి, రెండో చేత్తో కత్తెర ఆడిస్తున్న సెలూనాయన. శంఖం దొరక్క సీసామూతను వీపున మోసుకుపోతున్న బుల్లి పీత.

ఇవన్నీ ఎవరొచ్చినా చూపిస్తాను. ఇంకొకటి ఉంది. దాన్ని చూపించడానికి చెయ్యి రాదు, చించడానికి మనసు రాదు. దాని మూలన ఎర్ర అంకెల్లో తారీఖు, పక్కనే నాలుగూ ముప్ఫై ఆరు అని టైము ఉంటాయి.

నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు వాహన బీమా సర్వేయరుగా పనిచేశాను. సొట్టపోయిన తలుపులు, పగిలిన లైట్లు, రోడ్డు మీద టైరు ఈడ్చిన గీతలు. మా పనిలో ఫోటో అంటే అందం కాదు, సాక్ష్యం. మూలన తారీఖు, టైము పడని ఫోటో నా దృష్టిలో ఫోటోయే కాదు. రిపోర్టు చివర ఎప్పుడూ ఒకే వాక్యం రాసేవాణ్ణి: 'కెమెరా గడియారం ఈ ఉదయం రేడియో సమయంతో సరిచూడబడినది.' ఆఫీసులో వెనకాల నన్ను గడియారంగారు అనేవాళ్ళు. ఆ సంగతి నాకు తెలుసు. కోపం రాకపోగా కాస్త గర్వంగానే ఉండేది.

సెలవుల్లో మాత్రం అదే కెమెరాతో పిట్టల్నీ మనుషుల్నీ తీసేవాణ్ణి. మా ఆవిడ నాకంటే పదడుగులు ముందు నడిచేది. "అమ్మా, మా ఆయనకి ఫోటోల పిచ్చి. మీదొకటి తీసుకుంటారట, పర్లేదా?" అని ప్రతి ఒక్కరినీ అడిగేది. అడిగేసరికి వాళ్ళు జుట్టు సర్దుకుని కర్రల్లా బిగుసుకుపోయేవాళ్ళు. "నువ్వు అడిగి చెడగొట్టావు" అని నేను సణిగేవాణ్ణి. "కొయ్యబొమ్మలైతే అయ్యారు లెండి, దొంగసొత్తు కాకపోతే చాలు" అనేది.

ఆమె పోయి ఏడాదిన్నర అయింది. "నాన్నా, అలా గోడలు చూస్తూ కూర్చుంటే చివరికి గోడలే మాట్లాడతాయి. ఒక నెల ఎక్కడికైనా వెళ్ళిరా" అని మా అమ్మాయి పోరింది. అలా ఆ ద్వీపానికి వెళ్ళాను, ముందు నడిచే మనిషి లేకుండా.

దర్జీ పని చేసే ఒకావిడ ఇంటి మీద గదిలో దిగాను. యాభై దాటిన మనిషి. మొదటిరోజే నన్ను అన్నయ్యగారూ అని పిలిచింది. కింద ఆవిడ కుట్టుమిషను ఆగిందంటే టీ పెడుతోందని అర్థం. నేను అడగకపోయినా రెండో గ్లాసు మెట్ల మీద పెట్టి, పైన మూతగా బొత్తాల డబ్బా మూత పెట్టేది.

ద్వీపానికంతటికీ ఒకటే బస్సు. సాయంత్రం నాలుగింటికి గుట్ట మీద బజారు దగ్గర బయలుదేరి, అడవిలోంచి దిగి, నాలుగున్నరకి రేవు చేరాలి. నాలుగూ ముప్పావుకి లాంచీ. పని లేని మనిషిని కాబట్టి రోజూ ఎక్కేవాణ్ణి. డ్రైవరు పెద్దాయన. కండక్టరు ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. బస్సులో ఎవరు ఎక్కడ దిగుతారో, ఎవరి సంచిలో గుడ్లున్నాయో, ఎవరి మోకాలు నొప్పో అన్నీ ఆమెకు తెలుసు. డ్రైవరుని మావయ్యా అనేది. చుట్టరికం ఏమీ లేదట, ఆరేళ్ళు ఒకే బస్సులో తిరిగితే అదే చుట్టరికం.

వానలు మొదలయ్యాక, సగం దారిలో ఉన్న మలుపు దగ్గర అడవి పీతలు రోడ్డు దాటతాయి. పిడికిలంత ఉంటాయి, ఇటుక రంగు. మధ్యాహ్నం వాన వెలిశాక అడవిలోంచి దిగి సముద్రానికి పోతాయి. గుడ్లు నీళ్ళలో వదలడానికట. నాలుగైదు వారాలపాటు రోజూ ఇదే. నేను మొదటిసారి చూసిన రోజు బస్సు ఆగింది. డ్రైవరు ఇంజను కూడా ఆపేశాడు.

"ఏం అమ్మాయ్, ఇవాళ చుట్టాలెంతమంది?" అన్నాడు.

"పెళ్ళివారు దిగినట్టు దిగారు మావయ్యా" అంటూ ఆమె సీటు వెనకనుంచి మెత్తని గడ్డి చీపురు తీసింది. విజిలు నోట్లో పెట్టుకుని దిగింది. బస్సు ముందు నడుస్తూ, పీతల్ని ఒక్కొక్కటే వెనకనుంచి తోస్తూ, అవి వెళ్ళాలనుకున్న వైపుకే పంపించింది. ఇరవై అడుగులు శుభ్రమయ్యాక ఒక విజిలు. బస్సు ఇరవై అడుగులు జరిగి మళ్ళీ ఆగేది.

"ఇంజను ఆపడం ఎందుకండీ?" అని డ్రైవరుని అడిగాను.

"ఆపకపోతే రోడ్డు వణుకుతుంది సార్. వణికితే బెదిరిపోయి ఉన్నచోటే కూర్చుంటాయి. పీత కష్టాలు పీతవి అని ఊరికే అన్నారా?"

బస్సులో ఒక్కరూ విసుక్కోలేదు. ఒకావిడ చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటోంది. ఒకాయన పక్కవాడి పేపరు చదువుతున్నాడు. రేవులో లాంచీ సరంగు మా బస్సు లైట్లు కనబడేదాకా తాడు ముడి విప్పలేక అవస్థ పడుతున్నట్టు నటించేవాడు. ఇంతమంది కలిసి, మాట అనుకోకుండా, ఒక పురుగులాంటి ప్రాణికి దారి ఇస్తున్నారు. లోకంలో నాకింకా చూడవలసినవి మిగిలే ఉన్నాయని ఆ రోజు అనిపించింది.

మూడో రోజో నాలుగో రోజో నేనూ దిగాను. తడి రోడ్డు మీద పక్కనుంచి ఎండ పడుతోంది. ఆమె కుడిచేతిలో చీపురు, వెనకాల బస్సు ముఖం, కాళ్ళ ముందు పదిహేను ఇరవై పీతలు. నేను కెమెరా ఎత్తగానే ఆమె నా వైపు తిరిగి ఎడమచెయ్యి పైకెత్తింది. అరచెయ్యి పూర్తిగా తెరిచి. సరిగ్గా అప్పుడే నొక్కాను. అంత మంచి ఫోటో నా జన్మలో తీయలేదు. పీతల కోసం రోడ్డునంతా ఆపుతున్నట్టు ఆ చెయ్యి.

రేవులో ప్రయాణికులు కూర్చునే హాల్లో, టిక్కెట్ల కిటికీ పక్కన ఒక పెద్ద బోర్డు ఉంది. వచ్చిపోయేవాళ్ళు తీసిన ఫోటోలు అక్కడ పెడతారు. రేవు గుమాస్తాకి నా ఫోటోలు ఆరు ఇచ్చాను. అతను పీతలది చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. "సార్, ఇది చిన్నగా పెడితే పాపం. పెద్దది చేయిస్తా" అని తలుపంత సైజులో అచ్చు వేయించాడు. కింద వివరం రాసివ్వమన్నాడు. రాశాను. తారీఖు. పీతల మలుపు. సాయంత్రం నాలుగూ ముప్ఫై ఆరు. అక్కడితో ఆగితే అదో తీరు. ముప్ఫై ఒక్క ఏళ్ళ చెయ్యి తనంతట తానే ఇంకో వాక్యం రాసేసింది: కెమెరా గడియారం ఈ ఉదయం రేడియో సమయంతో సరిచూడబడినది.

ఆ వారంలో రెండుసార్లు, లాంచీ ఎక్కే పని లేకపోయినా, హాలుకి వెళ్ళి ఆ ఫోటో ముందు ఎవరో పరాయివాడిలా నిలబడ్డాను. "ఎవరు తీశారో గానీ భలే తీశారు" అని ఒకావిడ అంటే, "అవునండీ" అన్నాను. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం కింద మిషను ఆగింది. టీ అనుకున్నాను. దర్జీ ఆవిడ పైకి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అన్నయ్యగారూ, రేవులో ఆ ఫోటో మీరిచ్చిందేనా?"

"నేనేనమ్మా. చూశారా?"

"నేను చూస్తే ఏమయ్యేది. అవతలి ఒడ్డునుంచి తనిఖీ ఆఫీసరు వచ్చాడు. నిన్న లాంచీ కోసం కూర్చుని ఆయన చూశాడు."

నాకు అర్థం కాలేదు. ఆవిడ మెడలోని కొలత టేపు చివర్లు రెండూ పట్టుకుని నెమ్మదిగా చెప్పింది. కండక్టరు అమ్మాయిది ఆరేళ్ళుగా కాంట్రాక్టు ఉద్యోగం. ఈ నెల పర్మనెంటు చేసేవాళ్ళ జాబితా వస్తుంది. ఏడాదిలో మూడు లేటు మార్కులు పడితే ఆ జాబితాలో పేరు ఉండదు. అందుకని పీతల రోజుల్లో బస్సు ఎప్పుడు చేరినా ట్రిప్ షీట్‌లో ఆమె నాలుగున్నర అనే రాస్తుంది. ఎవరికీ నష్టం లేదు, ఎవరికీ లాంచీ తప్పలేదు. ఆఫీసరు ఫోటో మీదున్న తారీఖు ట్రిప్ షీట్ తీయించాడు. నాలుగున్నరకి రేవులో ఉన్న బస్సు నాలుగూ ముప్ఫై ఆరుకి మలుపులో ఎలా ఉందని అడిగాడు.

"ఆ రోజు లేటని రాసుంటే ఒక్క మార్కుతో పోయేది" అంది ఆవిడ. "ఇప్పుడు దొంగ లెక్క రాసిందంటున్నారు. సోమవారం పిలిచారు. ఇంకా ఏమవుతుందో."

"నాకు తెలియదమ్మా. తెలిస్తే ఇస్తానా?" అన్నాను.

ఆవిడ కిందికి వెళ్ళి, కాసేపటికి ఎప్పటిలాగే మెట్ల మీద టీ గ్లాసు పెట్టింది. మూత కూడా పెట్టింది. ఆ టీ తాగలేకపోయాను.

ఎందుకంటే ఆవిడతో నేను అబద్ధం చెప్పాను. నాకు తెలుసు. మొదటి వారంలోనే ముందు సీట్లో కూర్చుని, బస్సు ఇంకా అడవి దాటకముందే ఆ అమ్మాయి షీటు మోకాలి మీద పెట్టుకుని నాలుగూ ముప్ఫై అని రాయడం చూశాను. నా చేతి గడియారంలో అప్పటికే నాలుగూ నలభై. అర్థమైంది కూడా. పీతల కోసం ఒక అంకెను కాస్త వంచింది, అంతే కదా అని లోపల మెచ్చుకున్నాను. అంత తెలిసినవాణ్ణి, వారం తిరక్కుండా ఆ అంకె పక్కన నా అంకె తెచ్చి పెట్టాను. అచ్చం సొట్టపోయిన కారు పక్కన స్కేలు పెట్టినట్టు. మరిచిపోయానంటే సరిపోదు. నా గడియారం ఎంత నికార్సైనదో నలుగురికీ తెలియాలన్న కోరిక ముందు, ఆమె ఉద్యోగం నాకు గుర్తుకే రాలేదు.

మర్నాడు బస్సెక్కాను. ఆమె టిక్కెట్టు చించి ఇచ్చింది. నా ముఖం చూడలేదు. బజారు దాటి జనం పలచబడ్డాక దగ్గరికి వెళ్ళి, "అమ్మా, క్షమించండి" అన్నాను.

"కూర్చోండి బాబాయ్‌గారూ. మలుపుల్లో నిలబడితే పడతారు."

"నేను అలా అవుతుందని..."

"నేను చెయ్యి ఎందుకెత్తాననుకున్నారు?" అంది, చిల్లర సంచి సర్దుకుంటూ.

"పలకరించారనుకున్నాను. పీతల కోసం ఆపుతున్నట్టు కూడా..."

"వద్దు అన్నాను. ఒక చేతిలో చీపురు, నోట్లో విజిలు. ఇంకెట్లా చెప్పమంటారు? పాట పాడమంటారా?"

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "ఊరుకో అమ్మాయ్, పెద్దాయన."

"పెద్దాయనే మావయ్యా. అందుకే కూర్చోమన్నా. చిన్నవాడైతే దిగమనేదాన్ని."

కూర్చున్నాను. ఆ ఫోటో అంత బాగా రావడానికి కారణం ఆ చెయ్యి. ఆ చెయ్యి వద్దని ఎత్తిన చెయ్యి. రేవు హాల్లో తలుపంత సైజులో, నా పనితనానికి మెచ్చుకోలుగా వేలాడుతున్నది ఆమె కాదన్న మాటే. ముందు నడిచి అడిగే మనిషి ఉంటే ఆ మాట నాకు వినపడేది.

ఆదివారమంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. అబద్ధం చెప్తాను. నా కెమెరా గడియారం పది నిమిషాలు ముందుంటుంది, కింద రాసిన వాక్యం పాత అలవాటుకొద్దీ రాశాను, ఆ రోజు సరిచూడలేదు అని చెప్తాను. నాలుగూ ముప్ఫై ఆరు కాస్తా నాలుగూ ఇరవై ఆరు అవుతుంది. మలుపునుంచి రేవుకి ఎంతసేపు పడుతుందో అవతలి ఒడ్డు ఆఫీసరుకి ఏం తెలుసు? ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎదుటివాళ్ళ అబద్ధాలు పట్టుకున్నవాణ్ణి, ఒకటి చెప్పలేకపోతానా? అద్దం ముందు నాలుగుసార్లు చెప్పుకున్నాను. బాగానే వచ్చింది.

సోమవారం పదింటికి రేవు ఆఫీసు వెనక గది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడకి తడి గొడుగు. ఆఫీసరు సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. చెడ్డవాడిలా లేడు. చెడ్డవాడైతే నాకు తేలికగా ఉండేది. కండక్టరు అమ్మాయి, డ్రైవరు గోడవారన కూర్చున్నారు. నన్నెవరూ పిలవలేదు, నేనే వచ్చానని చెప్పాను.

"చెప్పండి" అన్నాడు.

అద్దం ముందు చెప్పినట్టే చెప్పాను. గొంతు కూడా తడబడలేదు.

"పది నిమిషాలు ముందుంటుందా?" అన్నాడాయన. "కెమెరా తెచ్చారా?"

సాక్షి అన్నాక సాధనం వెంట తీసుకెళ్ళాలి. అది కూడా అలవాటే. సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆయన దాన్ని తిప్పి, వెనక తెర వెలిగించి, గోడ గడియారం వైపు చూశాడు. తన చేతి గడియారం వైపు చూశాడు. మళ్ళీ తెర చూశాడు.

"పదీ పన్నెండు. ఇదీ పదీ పన్నెండే చూపిస్తోందండీ."

అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున ఏడింటికి రేడియోలో టైము చెప్పగానే, మనసులో అబద్ధం వల్లించుకుంటూనే, చేతులు తమ పని తాము చేశాయి. కెమెరా తీసి, సరిచూసి, సంచిలో పెట్టాయి.

"ఇవాళ పొద్దున సరిచేశాను" అన్నాను.

"రోజూ చేస్తారా?"

అవునంటే ఒక తంటా, కాదంటే ఒక తంటా. గోడవారనుంచి ఒక చప్పుడు వచ్చింది. ఆ అమ్మాయి చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నవ్వాపుకోలేక కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. అవి నవ్వు నీళ్ళేనా అన్నది నాకు తెలియదు.

"ఆయన్ని వదిలెయ్యండి సార్" అంది. "ఆ పని ఆయనకి చేతకాదు. నాలుగున్నర అని నేనే రాశాను. ఈ రోజుల్లో రోజూ అలాగే రాశాను."

"ఎందుకమ్మా? లేటు అని రాసి, కారణం రాయొచ్చుగా?"

"కారణం గడిలో ఏముంటాయి సార్? టైరు పంక్చరు, ఇంజను, చెట్టు పడటం, ఇతరములు. మొదటేడు ఇతరములులో పీతలు అని రాశా. ఎగతాళి చేస్తున్నావా అని మెమో ఇచ్చారు. ఆ మెమో మీ ఫైల్లోనే ఉంటుంది, చూడండి."

ఆయన చూశాడు. ఉంది.

"తొక్కించుకుంటూ పోతే సరిపోయేదిగా అంటారేమో" అన్నాడు డ్రైవరు, ఎవరూ అడక్కుండానే. "ఒక ఏడు అలాగే పోయాం సార్. చక్రాల కింద ఆ చప్పుడు... ఈ అమ్మాయి మూడు రోజులు అన్నం తినలేదు. నేను తిన్నాను గానీ, ఏం తిన్నానో తెలియలేదు. మళ్ళీ అదే చెయ్యమంటే నేను సెలవు పెడతాను. వేరేవాణ్ణి పెట్టుకోండి."

ఆఫీసరు చాలాసేపు కాగితాలు సర్దాడు. తర్వాత చెప్పింది ఇది. ఈ నెల జాబితాలో ఆమె పేరు ఉండదు. తప్పుడు సమయం రాసినందుకు ఫైల్లో ఒక నోటు ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత ఇంకో జాబితా వస్తుంది. ఈలోపు బస్సు ఒక్కరోజు కూడా లేటు కాకుండా, కండక్టరు దారిలో బస్సు దిగకుండా నడిస్తే, ఆమె పేరు తానే పంపిస్తాడు. "నా చేతిలో ఉన్నది అంతేనమ్మా" అన్నాడు. ఇంకో చేతిలో ఏమైనా ఉంటే బాగుండునని ఆయనకే అనిపించినట్టుంది, లేచి వెళ్ళి గొడుగు ఊరికే దులిపాడు.

బయటికి వచ్చాక ముగ్గురం బస్సు నీడలో నిలబడ్డాం. డ్రైవరు చక్రాన్ని కాలితో తట్టాడు.

"ఇంకా ఎన్నాళ్ళు దాటతాయి ఇవి?" అని అడిగాను.

"మూడు వారాలు" అందామె. "నేను దిగకూడదు, మావయ్య ఆపకూడదు. అయిపోయింది. మీకిక ఫోటోకి ఏమీ దొరకదు బాబాయ్‌గారూ, నేల మీద మరకలు తప్ప."

ఆ మాట తగలవలసినచోటే తగిలింది. నేను తల దించుకునే అన్నాను. "ఆ చీపురు నాకిస్తారా?"

"ఎందుకు?"

"మీరు దిగకూడదు. బస్సు ఆగకూడదు. రోడ్డు మీద ఒక మనిషి ముందుగానే ఉండకూడదని ఎవరూ అనలేదు కదా. నేను మూడింటికే నడిచి వెళ్తాను. బస్సు వచ్చేసరికి..."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నా తెల్ల చొక్కా, నా పాత బూట్లు, మెడలో వేలాడే కెమెరా.

"ఫోటో తీసినట్టు కాదు అది."

"తెలుసమ్మా."

"మీకేం తెలుసు? ముందునుంచి తోస్తే డెక్కలతో చీపురు పట్టేసుకుంటాయి. విదిలిస్తే డెక్క ఊడిపోతుంది, పీత పోతుంది. వెనకనుంచి, కిందికి ఆనించి, కుక్కపిల్లని తోసినట్టు తొయ్యాలి. అది ఎటు పోవాలనుకుంటే అటే. మీరు అనుకున్న వైపు కాదు." అంటూనే బస్సెక్కి చీపురు తెచ్చింది. ఇవ్వబోయి ఆగింది. "కెమెరా?"

"గదిలో పెట్టి వస్తాను."

అప్పుడిచ్చింది.

ఆ సాయంత్రం దర్జీ ఆవిడ చీపురు చూసింది. రాత్రికి దాని పిడికి పాత గుడ్డ పీలికలు చుట్టి, దారంతో గట్టిగా కుట్టి గుమ్మం పక్కన పెట్టింది, చేతులు బొబ్బలెక్కకుండా.

మొదటిరోజు ఘోరంగా జరిగింది. నేను ఇటు తోస్తుంటే అటునుంచి వచ్చేవి. ఒకటి చీపురు పట్టుకుని ఊయలలా వేలాడింది. విదిలించకూడదు కాబట్టి దాన్ని అలాగే మోసుకుంటూ రోడ్డు దాటించాను. వంగి వంగి నడుము పట్టేసింది. నాలుగూ ఇరవైకి బస్సు మలుపు తిరిగింది. డ్రైవరు బాగా నెమ్మదిగా నడిపాడు గానీ ఆపలేదు. ఆపకూడదు. రెండు పీతలు నాకు అందలేదు. ఆ చప్పుడు నేనూ విన్నాను. మూడు రోజులు అన్నం ఎందుకు తినలేదో తెలిసింది. బస్సు వెళ్ళాక వాటిని తీసి సముద్రం వైపు పొదల్లో పెట్టాను. మా ఆవిడ ఉంటే ఏమనేదో ఊహించుకోవడానికి కూడా మొహం చెల్లలేదు.

రెండో రోజు ఒకటి. మూడో రోజు మళ్ళీ రెండు. నాలుగో రోజు వెళ్ళేసరికి మలుపులో దర్జీ ఆవిడ ఇంకో చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"మిషను సూది విరిగింది అన్నయ్యగారూ. ఇంట్లో ఊరికే కూర్చుంటే తోచలేదు" అంది. ఆ సూది పీతల రోజులు అయిపోయేదాకా రోజూ మధ్యాహ్నం మూడింటికి విరుగుతూనే ఉంది.

ఇద్దరం రోడ్డుకి చెరొక పక్క నిలబడితే కుదిరింది. దాటేవాటిని దాటించి, ఇంకా దాటనివాటిని బస్సు వెళ్ళేదాకా గట్టు మీద నిలిపి ఉంచడం నేర్చుకున్నాం. నెల అద్దె గది ఇంకో రెండు వారాలు పొడిగించుకున్నాను. మా అమ్మాయి ఫోనులో, "నాన్నా, ఫోటోలు పంపవేం?" అంది. "కెమెరాకి కాస్త విశ్రాంతి ఇచ్చానమ్మా" అన్నాను. రేవు హాలుకి వెళ్ళి ఆ పెద్ద ఫోటో దింపించాను. గుమాస్తా బాధపడ్డాడు. ఆ స్థలంలో లకుముకిపిట్ట పెట్టాడు. దాని మూలన ఉన్న టైము వల్ల ఎవరి ఉద్యోగమూ పోదని ముందే చూసుకున్నాను.

కండక్టరు అమ్మాయి నన్ను క్షమించానని ఎప్పుడూ అనలేదు. నేనూ మళ్ళీ అడగలేదు. అడిగితే, అనక తప్పని ఇబ్బందిలో ఆమెను పెట్టినట్టే. ఆర్నెల్ల తర్వాతి జాబితా నేను వెళ్ళిపోయాక గానీ రాదు. ఆ ఆఫీసరు మాట నిలబెట్టుకుంటాడో లేదో నాకు తెలియదు. తెలిసిందల్లా ఒకటే. నేను చీపురు పట్టిన మొదటిరోజునుంచి బస్సు రోజూ నాలుగున్నరకే రేవు చేరింది. ఆమె షీటులో అదే అంకె రాసింది. ఇప్పుడది వంచక్కర్లేని అంకె.

ఆఖరి రోజుల్లో ఒకనాడు వాన జోరుగా కురిసి వెలిసింది. పీతలు తక్కువే ఉన్నాయి, రోడ్డు శుభ్రంగా ఉంది. నడుము మీద చెయ్యి వేసుకుని, నా పనితనం నేనే చూసుకుంటూ నిలబడ్డాను. బస్సు మలుపు తిరిగి, నా పక్కనుంచి నెమ్మదిగా జారింది. ఆమె ఫుట్‌బోర్డు మీద నిలబడి, రూలు ప్రకారం దిగకుండా, కడ్డీ పట్టుకుని బయటికి వంగింది. నా కళ్ళు ఎందుకో ఆమె చేతికోసం వెతికాయి. ఆ చెయ్యి ఎత్తలేదు.

"బాబాయ్‌గారూ, మెచ్చుకున్నది చాలు! ఎడంపక్క గట్టు కింద ఒకటుంది, చూసుకోండి!"

ఉంది. చిన్నది. వెనక చక్రానికి బారెడు దూరంలో డెక్కలెత్తి నిలబడి ఉంది. వంగి, చీపురు కిందికి ఆనించి, దాని వెనకనుంచి మెల్లగా తోశాను.